డ్యూటీ చార్టులో రాయని పనులు

పక్షవాతం వచ్చి కదలలేని మనిషిని రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర చర్మం కందుతుంది. కందినచోట పుండు లేస్తుంది. పట్టించుకోకపోతే అది ఎముక దాకా పోతుంది. నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడాదే చెప్పే పాఠమిది. డెబ్బై కిలోల మనిషిని తిప్పడం ఒక్కరి వల్ల కాదన్న సంగతి మాత్రం వార్డులోకి వచ్చాకే తెలుస్తుంది. పెద్దాసుపత్రి మెడికల్ వార్డులో మంచాలన్నీ నిండి, నేల మీద కూడా పరుపులు వేసిన రాత్రి ఎలా ఉంటుందో చూడండి. డ్యూటీలో ఉన్న ఇద్దరు సిస్టర్లలో ఒకరు ఇంజెక్షన్ల ట్రాలీతో అటు చివర ఉంటారు. ఇంకొకరు అప్పుడే వచ్చిన కేసుకు సెలైన్ ఎక్కిస్తుంటారు. ఎంఎన్‌వో, అంటే మగ ఆర్డర్లీ, ఎవరినో స్కానింగ్‌కు తీసుకెళ్లి ఉంటాడు. అప్పుడు పక్క వార్డులోని మగ నర్సు కోసం కబురు పోతుంది: "బ్రదర్‌ని ఒక్కసారి పంపించండి." బ్రదర్ వస్తే సరే. ఆయనకూ తీరిక లేకపోతే, మంచం పక్కన చాప పరుచుకుని పడుకున్న రోగి భార్యను లేపుతారు. "అమ్మా, లే తల్లీ. ఆ పక్క దుప్పటి పట్టుకో."

ఆసుపత్రిలో ఆడామగా తేడాల గురించి మాట్లాడాల్సి వస్తే మనం ఎక్కువగా స్వభావాల దగ్గరే మొదలుపెడతాం. నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరితే మాటలు తప్పవంటాం. ఒక మగవాడుంటే వార్డు అదుపులో ఉంటుందంటాం. మగవాడికి సేవ చేసే ఓర్పు ఎక్కడిదంటాం. వార్డును కాస్త దగ్గరగా చూస్తే కనిపించేది వేరు. ఖాళీగా ఉన్న పోస్టు పనిని ఎవరో ఒకరు చేయాలి. ఎవరు చేయాలో చార్టులో ఉండదు. అందుకని బరువున్న పని మగవాడి వైపు, కన్నీళ్లున్న పని ఆడవాళ్ల వైపు జరుగుతుంది. మనుషులు తగ్గినకొద్దీ ఈ పంపకం మరింత బిగుస్తుంది. కొన్నేళ్లకు అదే వాళ్ల గుణమన్నట్టు మాట్లాడతాం.

బ్రదర్లకు పడే పనులు చూడండి. తాగి వచ్చి క్యాజువాలిటీలో కుర్చీ ఎత్తినవాణ్ణి పట్టుకోవడం, మానసిక వార్డులో పెనుగులాడే రోగిని అదిమిపట్టడం, ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకురావడం, లిఫ్టు పనిచేయనప్పుడు స్ట్రెచర్‌కు ఒక కొన పట్టడం. వీటిలో చాలావరకు సెక్యూరిటీ గార్డు, ఎంఎన్‌వో, లిఫ్టు మెకానిక్ చేయాల్సినవి. ఇక సిస్టర్ల సంగతి. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టనంటున్న కొడుకును ఒప్పించాలి. చనిపోయిన మనిషి బంధువులు డాక్టరు మీదికి వెళ్తుంటే మధ్యలో నిలబడాలి. ఆరోగ్యమిత్ర సీట్లో లేకపోతే ఆరోగ్యశ్రీ కాగితాలు ఎక్కడివ్వాలో చెప్పాలి. కోపం మీదున్న పెద్ద డాక్టరును, భయపడిపోయిన హౌస్‌సర్జన్‌ను ఒకే పూట సముదాయించాలి. నాలుగేళ్ల బీఎస్సీలో వీటికి మార్కులు లేవు, జీతంలో వీటికి రూపాయి లేదు.

రోగులు, వాళ్ల బంధువులు కూడా ఈ పంపకంలో తమ వంతు వేస్తారు. స్టెతస్కోపు మెడలో వేసుకుని రౌండ్‌కు వచ్చిన పీజీ అమ్మాయిని "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని పిలుస్తారు. ఆమె వెనక ట్రే పట్టుకుని వచ్చిన బ్రదర్‌కు లేచి నిలబడి "నమస్తే సార్" అంటారు. ఆయన "నేను డాక్టర్ని కాదు" అని చెప్పినా, మందు ఎప్పుడు వేసుకోవాలో ఆయన్నే అడుగుతారు. ఇరవై ఏళ్లుగా అదే వార్డు చూస్తున్న హెడ్ నర్సు పక్కనే ఉంటుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ రోజుకు పదిసార్లు జరిగేది ఎవరి మనసులోనూ పడకుండా పోదు. కొందరు బ్రదర్లు నవ్వి సరిదిద్దుతారు. కొందరికి ఆ పలకరింపు బాగానే ఉంటుంది. అదీ మానవ సహజమే.

ఈ ఏర్పాటు ప్రకృతి సిద్ధంగా వచ్చిందేమీ కాదు, మనుషులు కూర్చుని రాసుకున్నదే. 1854లో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో క్రిమియా యుద్ధ రోగుల కోసం స్కుటారి చేరేనాటికి, అక్కడి సైనికులకు మంచినీళ్లిచ్చి కట్లు కట్టేది మగ ఆర్డర్లీలే. 1860లో ఆమె పేరిట లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో బడి తెరిచాక నర్సింగ్ అంటే చదువుకున్న స్త్రీ చేసే గౌరవమైన ఉద్యోగం అన్న రూపం వచ్చింది. ఆ కాలంలో ఇంటి గడప దాటి, జీతం తీసుకుని, మర్యాదగా బతకడానికి స్త్రీకి దారి దొరికింది. అది చిన్న విషయం కాదు. అదే దారిలో మగవాడికి తలుపు మూసుకుంది. బ్రిటన్‌లో 1919 చట్టంతో నర్సుల రిజిస్టరు పెట్టినప్పుడు మగవాళ్లను వేరే పట్టీలో రాశారు. ఆ రెండూ కలిసింది 1949 చట్టం తర్వాతే. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ మగవాళ్లకు సభ్యత్వం ఇచ్చింది 1960లో. అమెరికా సైన్యం తన నర్సుల దళంలోకి మొదటి మగవాణ్ణి తీసుకున్నది 1955లో.

మన సైన్యం సంగతి ఇంకా చిత్రం. 1943 నాటి ఆర్డినెన్సు ప్రకారం ఏర్పడిన మిలిటరీ నర్సింగ్ సర్వీసు స్త్రీల కోసమే రాసింది. అందులో చేరిన అమ్మాయి ఆఫీసరు. మన పల్లెల్లో అబ్బాయిలు తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు తీసి సాధించే 'నర్సింగ్ అసిస్టెంట్' ఉద్యోగం జవాను స్థాయిది. రోగి ఒకడే, దెబ్బ ఒకటే, భుజాల మీద ఉన్న గుర్తులు వేరు. అలాగని ఆఫీసరు అమ్మాయిని అందలం ఎక్కించారా అంటే అదీ లేదు. పెళ్లి చేసుకున్నందుకు 1988లో ఈ సర్వీసు నుంచి తీసేసిన ఒక లెఫ్టినెంటు కోర్టుల చుట్టూ తిరిగితే, ఆ నిబంధన ఏకపక్షమని, వివక్ష అని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఫిబ్రవరిలో. 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఆమె ఉద్యోగ వయసంతా గడిచిపోయింది.

ఎయిమ్స్ సంస్థల్లో గొడవ దీనికి తిరగబడిన రూపం. 2019లో వాటి కేంద్ర పాలక మండలి నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం స్త్రీలకు, 20 శాతం పురుషులకు అని నిర్ణయించింది. మంగళగిరికి, బీబీనగర్‌కు కూడా వర్తించే నియమమే. మగ నర్సులు నిరసనకు దిగారు. ఒకే కోర్సు చదివి, ఒకే పరీక్ష రాస్తే ఈ గీత ఏమిటన్నారు. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. మగవాడు ఏ పోటీ పరీక్షకైనా ఏళ్ల తరబడి వేరే ఊళ్లో గది అద్దెకు తీసుకుని చదవగలడు, పెళ్లైన అమ్మాయికి ఆ వెసులుబాటు ఎక్కడిదన్న ఎదుటి వాదనలోనూ న్యాయం ఉంది. స్త్రీల వార్డుల్లో స్త్రీలే కావాలన్న రోగుల కోరికను కొట్టిపారేయలేం. మా మాటేమిటంటే, ప్రసూతి గదికి, స్త్రీల వార్డుకు ఎందరు కావాలో లెక్కగట్టి ఆ మేరకు గీత గీస్తే ఎవరికైనా చెప్పుకోవచ్చు. మొత్తానికి కలిపి ఎనభై అంటే, మిగిలిన ఇరవై మందీ మళ్లీ బరువులెత్తడానికే అన్నట్టు ఉంటుంది.

పదోన్నతుల దగ్గర కథ మారుతుంది. అమెరికా సమాజ శాస్త్రవేత్త క్రిస్టీన్ విలియమ్స్ 1992లో ఒక సంగతి గమనించి రాశారు. ఆడవాళ్లు ఎక్కువగా ఉండే నర్సింగ్, లైబ్రరీ, ప్రాథమిక పాఠశాల వంటి కొలువుల్లోకి వచ్చిన మగవాళ్లు అక్కడ నిలబడిపోరు. వద్దన్నా పైకి తీసుకెళ్లే కదిలే మెట్లు వాళ్ల కాళ్ల కింద ఉంటాయి. తర్వాత 2009లో ఏడియా హార్వీ వింగ్‌ఫీల్డ్ అనే పరిశోధకురాలు, ఆ మెట్లు నల్లజాతి మగ నర్సులకు కదలడం లేదని చూపించారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీనియారిటీ జాబితా ఉంది కాబట్టి నర్సింగ్ సూపరింటెండెంటు కుర్చీలో ఎక్కువగా ఆడవాళ్లే కనిపిస్తారు. కానీ ఆ కుర్చీ పైన ఇంకెన్ని కుర్చీలున్నాయో, వాటిలో నర్సులు ఎందరున్నారో చూస్తే ఆ సంతోషం కాస్త తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదికలో ఆరోగ్య రంగ ఉద్యోగుల్లో 70 శాతం స్త్రీలని, పెద్ద పదవుల్లో వాళ్లు 25 శాతమేనని రాసింది. ఈ అంతరం మన సచివాలయాల్లో కూడా కొత్తగా కనిపెట్టాల్సినది కాదు.

డాక్టరుకు, నర్సుకు మధ్య ఉండే నాటకం గురించి లియొనార్డ్ స్టెయిన్ అనే మానసిక వైద్యుడు 1967లోనే వివరంగా రాశారు. రోగికి ఏం కావాలో నర్సుకు తెలుసు. తెలుసని చెప్పకుండా, ఆ ఆలోచన డాక్టరుదే అన్నట్టు చెప్పాలి. మన వార్డుల్లో ఈ విద్యలో ఆరితేరిన సీనియర్ సిస్టర్లు ఎందరో. రాత్రి రెండింటికి హౌస్‌సర్జన్ కళ్లు నులుముకుంటూ వస్తాడు. "సార్, ఇలాంటి కేసుకు మొన్న మేడం ఆ ఇంజెక్షన్ రాశారు" అంటారామె. కుర్రాడు "అవునవును, అదే పెట్టండి" అంటాడు. తెల్లారి రౌండ్‌లో మంచి నిర్ణయమని అతనికి మెచ్చుకోలు వస్తుంది. కాన్యులా పట్టుకోవడం దగ్గర నుంచి అతనికి నేర్పింది ఆమే. ఇప్పటి బ్రదర్లలో చాలామంది ఈ చుట్టుతిరుగుడు పడరు. ఉన్నమాట ముఖాన చెప్తారు. దానికి వాళ్లను ధైర్యవంతులంటారు. అదే మాట అదే తీరులో సిస్టర్ అంటే "ఆవిడకు నోరెక్కువ" అంటారు.

ఇక ఒకరితో ఒకరికి అసలైన మనస్పర్థలు వచ్చేది నైట్ డ్యూటీల దగ్గర. చార్టు వేసే ఇన్‌చార్జి సిస్టర్ పని పంచాయతీ పెద్ద పని కంటే కష్టం. చంటిబిడ్డ తల్లి నైట్ తగ్గించమంటుంది. అత్తగారికి బాగాలేదని ఇంకొకరు పండగ రోజు సెలవు అడుగుతారు. చివరికి సంక్రాంతి రాత్రి, దసరా రాత్రి పెళ్లికాని అమ్మాయిలకు, బ్రదర్లకు పడతాయి. "మీకేముంది, ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారు" అన్నమాట సరదాగానే అంటారు. విన్నవాళ్లకు సరదాగా ఉండదు. బ్రదర్‌కు ఇంట్లో పిల్లలుండవచ్చు, వాళ్లను చూసుకునే బాధ్యతా ఉండవచ్చు. ఆ సంగతి అతనూ చెప్పడు, ఎవరూ అడగరు. పిల్లవాడికి జ్వరమని సెలవు అడిగిన మగవాణ్ణి "మీ ఆవిడ లేదా?" అని అడిగే ఆఫీసులు మనకు తక్కువేమీ కాదు.

ప్రసూతి సెలవు విషయం ఇంకా సున్నితం. ప్రభుత్వ ఉద్యోగినికి 180 రోజులు చట్టబద్ధంగా వస్తుంది, రావాలి కూడా. కానీ ఆమె స్థానంలో ఆ ఆరు నెలలకు ఇంకొకరిని ఇవ్వరు. ఆమె చేయాల్సిన నైట్లు మిగిలినవాళ్లకు పంచుతారు. స్త్రీలే ఎక్కువగా ఉన్న కొలువులో ఎప్పుడూ ఎవరో ఒకరు కాన్పు సెలవులో ఉంటారన్నది తెలియనిదేమీ కాదు. అందుకే భారత నర్సింగ్ మండలి లెక్కల్లో సెలవుల కోసం 30 శాతం మందిని అదనంగా ఉంచాలన్నారు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొక నర్సు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికొకరు, ఐసీయూలో ఒక్కొక్కరికి ఒక్కొక్కరు అన్న లెక్కకు ఇది పైమాట. ఆ మొదటి లెక్కే కాగితం దాటని చోట ఈ ముప్పై శాతం ఊసెత్తేదెవరు? దాంతో కోపం ఖాళీ పోస్టు మీదికి పోకుండా కడుపుతో ఉన్న తోటి ఉద్యోగిని మీదికి పోతుంది. ఆడవాళ్లకు ఆడవాళ్లే శత్రువులని అరిగిపోయిన మాట వాడేవాళ్లు, అక్కడ శత్రుత్వం పుట్టించింది ఏ ఫైలో ఒకసారి చూస్తే బాగుంటుంది.

ఆడామగా తేడా కంటే లోతైన గీతలు కూడా వార్డులో ఉన్నాయి. పర్మనెంటు సిస్టర్, కాంట్రాక్టు సిస్టర్, ఏజెన్సీ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్ సిస్టర్ ఒకే ట్రాలీ తోస్తారు, మూడు రకాల జీతాలు తీసుకుంటారు. కొత్తగా వచ్చిన అమ్మాయి తప్పు చేస్తే అందరి ముందూ కడిగేయడం, హ్యాండోవర్‌లో కావాలని ఒక వివరం వదిలేసి ఇరికించడం ఇలాంటి చోటనే ఎక్కువ. పెద్ద నర్సులు చిన్నవాళ్లను నమిలేస్తారన్న చర్చ అమెరికాలో 1986 నుంచీ ఉంది. మన దగ్గర దానికి ఉద్యోగ భద్రత లేకపోవడం కూడా తోడైంది. రేపు రెన్యువల్ కాకపోతే ఏమిటన్న భయం ఉన్న అమ్మాయి, డోసు తప్పు రాశారని ఎవరికి చెప్పగలదు? భాష ఇంకో గీత. హైదరాబాద్ కార్పొరేటు ఆసుపత్రుల్లో మలయాళీ సిస్టర్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే తెలుగమ్మాయికి తన గురించేనేమో అనిపిస్తుంది. 2021 జూన్‌లో ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి, డ్యూటీలో మలయాళం మాట్లాడవద్దని సర్క్యులర్ ఇచ్చి, గగ్గోలు రేగితే మర్నాడే వెనక్కి తీసుకుంది. రోగి సంగతులు అందరికీ తెలిసిన భాషలో చెప్పుకోవాలన్నది న్యాయమే. దానికి ఉత్తర్వు కంటే, ఒక పూట కలిసి భోంచేయడం ఎక్కువ ఉపయోగపడేది.

పల్లెల్లో ఈ ఆడామగా పంపకం పోస్టు పేరులోనే ఉంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పిన ప్రకారం ఉపకేంద్రంలో ఒక ఆడ, ఒక మగ బహుళార్థ ఆరోగ్య కార్యకర్త ఉండాలి. కాన్పులు, టీకాలు ఆమెవి. మలేరియా, నీళ్లలో క్లోరిన్ అతనివి. అతని పోస్టు ఖాళీ అయినచోట ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. ఏఎన్‌ఎం అమ్మ టీకాల డబ్బా భుజాన వేసుకుని, దోమల లెక్క కూడా రాసుకుంటూ తిరిగింది.

ఒక మంచి కబురూ చెప్పాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి కరీంనగర్‌లో ముప్పై మంది నర్సులకు మిడ్‌వైఫరీలో ఏడాదిన్నర శిక్షణ మొదలుపెట్టింది. కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత తేల్చిన రాష్ట్రమిది. సాధారణ కాన్పును మొదటి నుంచి చివరిదాకా తన నిర్ణయంతో నడిపే అధికారం ఒక నర్సుకు ఇవ్వడం అంటే, ఇన్నాళ్లూ ఆమె చేస్తూ వచ్చిన పనిని ఆమెదిగా రాసివ్వడమే. అలా రాసిచ్చాక "సార్, మొన్న మేడం ఇలా చేశారు" అన్న నాటకం అవసరం ఉండదు. తల్లి పక్కన కూర్చుని నడుము నిమరడం కూడా పనే అని చార్టులోకి ఎక్కుతుంది.

నర్సుల మధ్య ఐకమత్యం ఎలా ఉంటుందో అడిగితే ముంబయి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి గుర్తొస్తుంది. 1973 నవంబరులో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు డ్యూటీ ముగించుకుని బేస్‌మెంటులో బట్టలు మార్చుకుంటుండగా, అక్కడే పనిచేసే స్వీపరు కుక్క గొలుసుతో గొంతు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె మళ్లీ మామూలు మనిషి కాలేదు. అతనికి పడింది దోపిడీ, హత్యాయత్నం కేసుల్లో ఏడేళ్ల శిక్ష. నగరంలో నర్సులు సమ్మె చేశారు. తర్వాత ఆమెను అక్కడి నుంచి తరలించబోతే అడ్డుపడ్డారు. 2015 మే 18న ఆమె చనిపోయేదాకా దాదాపు 42 ఏళ్లు ఆసుపత్రి నర్సులు తరం తర్వాత తరం ఆమెకు స్నానం చేయించి, అన్నం తినిపించి, మంచం మీద పక్కకు తిప్పారు. ఆమెపై దాడి జరిగేనాటికి పుట్టని పిల్లలు కూడా ఆ పని చేశారు. 2011లో కారుణ్య మరణం పిటిషను విన్న సుప్రీంకోర్టు, ఇన్నేళ్లలో ఆమె ఒంటి మీద ఒక్క పడక పుండు లేదన్న సంగతిని ప్రత్యేకంగా గుర్తించింది. పిటిషను కొట్టేశారని తెలిసి ఆ నర్సులు మిఠాయిలు పంచుకున్నారు.

పత్రికలు దీన్ని మాతృప్రేమ అన్నాయి, మేమూ అలాగే రాసి ఉండేవాళ్లం. ప్రేమ లేదని కాదు. కానీ నాలుగు దశాబ్దాలు పుండు పడకుండా చూడటం ప్రేమ ఒక్కదానితో అయ్యేది కాదు. పొద్దున డ్యూటీ నుంచి మధ్యాహ్నం డ్యూటీకి, అక్కడి నుంచి నైట్‌కు ఒక్క పూట కూడా తెగకుండా పని అప్పజెప్పడం వల్ల అయింది. అది నైపుణ్యం. దాన్ని ఆడవాళ్ల సహజ గుణమంటే ఆ నైపుణ్యానికి జీతం అక్కర్లేదనే మాట కూడా వెనకే వస్తుంది. ఇంకో సంగతి. ఆ అమ్మాయి బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంటుకు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్న ప్రశ్న 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డాక్టరు హత్య తర్వాత మళ్లీ కొత్తగా అడిగాం. గడియ ఉన్న గది, దీపం ఉన్న దారి అడగడానికి యాభై ఏళ్లలో రెండు ప్రాణాలు కావాల్సి వచ్చాయి.

బరువుల సంగతి ఇంకా తేల్చలేదు. మన పిల్లలు బ్రిటన్ వెళ్లి నర్సులుగా చేరిన మొదటి వారంలోనే వాళ్లకు చెప్పే మాట, రోగిని చేతులతో ఎత్తవద్దని. 1992 నుంచి అక్కడ చేతులతో బరువులు ఎత్తడంపై ప్రత్యేక నిబంధనలున్నాయి. మంచం మీద జారే గుడ్డ, పట్టీలతో పైకి లేపే హాయిస్టు యంత్రం, దాన్ని నడపడానికి ఇద్దరు. ఆ ఇద్దరూ ఆడవాళ్లైనా, ఇద్దరూ మగవాళ్లైనా, ఒకరొకరైనా రోగికి తేడా తెలియదు. మగవాడి కండబలం కావాలన్న వాదన ఒక యంత్రం ముందు తేలిపోయింది. జర్మనీ వెళ్లినవాళ్లు ఇంకో కథ చెప్తారు. ఇక్కడ ఆయమ్మకో, రోగి బంధువులకో వదిలేసిన ఒళ్లు తుడవడం, పళ్లు తోమించడం, బట్టలు మార్చడం అక్కడ నర్సు పనే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పించి పంపుతున్న నర్సుల్లో కొందరికి మొదట అది చిన్నతనంగా అనిపిస్తుంది. ఆ పనులకు మన దగ్గర ఎవరి చేతులు అలవాటుపడ్డాయో, ఏ కులం వాళ్లను ఆ పనిలో పెట్టామో గుర్తుచేసుకుంటే ఆ చిన్నతనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇక్కడ ఆ పని చివరికి చేరేది రోగి భార్య దగ్గరికి, లేకపోతే కూతురి దగ్గరికి. ఆమెకు ఏ చార్టులోనూ చోటు లేదు. ఆసుపత్రి క్యాంటీన్ భోజనం కూడా ఆమె డబ్బుతోనే.

తెలంగాణలో 2023లో స్టాఫ్ నర్సులు నర్సింగ్ ఆఫీసర్లయ్యారు. గౌరవం పెరిగితే సంతోషమే. దానితోపాటు సెలవుల రిజర్వు పోస్టులు కొన్ని, ఎంఎన్‌వో, ఎఫ్‌ఎన్‌వో (ఆడ ఆర్డర్లీ) ఖాళీలు కొన్ని భర్తీ చేసి, నెల చార్టు వేసేటప్పుడు బ్రదర్ల నుంచి ఒకరిని, కాంట్రాక్టు సిస్టర్ల నుంచి ఒకరిని ఇన్‌చార్జి పక్కన కూర్చోబెడితే చాలా గొడవలు వార్డు దాకా రావు. నలభై మంచాల మెడికల్ వార్డుకు ఒక హాయిస్టు కొనడం పెద్ద ఖర్చేమీ కాదు, ఆర్థో వార్డుకు ఇంకొకటి. కొన్నాక దాన్ని స్టోరులో పెట్టి తాళం వేయకూడదు. వేసినా, తాళంచెవి ఎవరి దగ్గరుందో రాత్రి డ్యూటీ సిస్టర్‌కు తెలిసి ఉండాలి.